అమ్మ లేదన్న మధ్యాహ్నం

మొన్న ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళకి అమ్మ మంత్రగత్తె కథ చెప్పింది.

మేం ఉండే నేపర్‌విల్ ఊళ్ళో మాకు బాగా తెలిసిన రెండు కుటుంబాలు, కాలేజీలో చదివే వాళ్ళ పిల్లలు వచ్చారు. అందులో ఒకమ్మాయి న్యూ ఆర్లీన్స్ వెళ్ళొచ్చిందట. సూదులు గుచ్చిన చిన్న గుడ్డ బొమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "అమ్మమ్మా, దిస్ ఈజ్ వూడూ డాల్. మీకు ఎవరైనా నచ్చలేదనుకోండి, వాళ్ళ నేమ్ చెప్పి ఇలా గుచ్చాలి" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, మజ్జిగ గ్లాసు పక్కకి జరిపి, "బొమ్మలేం చూస్తారే, నేను అసలు మనిషినే చూశాను. బ్రూక్లిన్‌లో మా ఎదురు ఫ్లాట్‌లోనే ఉండేది" అని మొదలుపెట్టింది.

కథ బాగా చెబుతుంది అమ్మ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆమెకి తెలుసు. ఈసారి కోడి మెడ వచ్చింది, నల్ల పిల్లి వచ్చింది, పుర్రె వచ్చింది. "ఒకరోజు దీన్ని ఎత్తుకుపోయింది, ఇదిగో, దీన్నే! ఏం తాగించిందో ఏమో, ఇంటికొచ్చి ఇది ఏవేవో కథలు చెప్పేది" అని నన్ను చూపించింది. పిల్లలు నావైపు తిరిగి "ఆంటీ, రియల్లీ?" అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగేసిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతూ నిలబడ్డాను.

ఆ కథలో నిజం ఒక్కటే. ఆవిడ మా ఎదురు ఫ్లాట్‌లోనే ఉండేది.

నాన్న డాక్టరు. ఇక్కడికి వచ్చిన కొత్తలో బ్రూక్లిన్‌లో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ చేసేవారు. ఆసుపత్రి వెనకే ఎర్ర ఇటుకల బిల్డింగ్ ఒకటి ఉండేది. డాక్టర్లకీ నర్సులకీ అందులో ఫ్లాట్లు ఇచ్చేవాళ్ళు. ఏ అంతస్తులో ఉన్నామో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలిగేదాన్ని. కింద ఫిలిప్పీన్స్ వాళ్ళ వెల్లుల్లీ ఎండుచేపల వాసన. రెండో అంతస్తులో ఎవరో ముసలాయన చుట్టల వాసన. మా అంతస్తులో ఎలివేటర్ తలుపు తెరుచుకోగానే ఇంగువ పోపూ అరటికాయ వేపుడూ కలిసి ఎదురొచ్చేవి. ఇంగువ మాది. అరటికాయ ఎదురింటి ఆంటీది.

ఆవిడది హైతీ. ప్రసూతి వార్డులో నర్సు. పొడుగ్గా, నిటారుగా ఉండేది. గంజిపెట్టిన తెల్ల యూనిఫామ్ వేసుకుని కారిడార్‌లో నడుస్తుంటే గౌను చప్పుడు ముందు వినిపించేది, తర్వాత సెంటు వాసన వచ్చేది, ఆ తర్వాతే మనిషి. ఆదివారం పొద్దున పెద్ద టోపీ పెట్టుకుని చర్చికి వెళ్ళేది. శనివారం టీవీలో కుస్తీలు చూస్తూ సోఫా దిండుని గుద్దేది. పేకాటలో పచ్చి మోసం చేసేది. మాలాంటి పిల్లలతో ఆడినా సరే, గౌను కింద ముక్క దాచకుండా ఆడేది కాదు. పట్టుకుంటే "కళ్ళున్నాయే నీకు!" అని మెచ్చుకునేది, ముక్క మాత్రం వెనక్కి ఇచ్చేది కాదు. ఆవిడ ఇంగ్లీషు ఫ్రెంచి యాసలో ఉండేది. మా అమ్మ ఇంగ్లీషు సగమే ఉండేది. వాళ్ళిద్దరూ ఏ మాటలతో మాట్లాడుకున్నారో గానీ, నాకిప్పుడు ఆవిడ మాటలన్నీ తెలుగులోనే గుర్తొస్తాయి.

వాళ్ళ స్నేహం కూరల కొట్లో మొదలైంది. ఆ వీధిలో ఒక జమైకా ఆయన కొట్టు ఉండేది. అమ్మ ఒకరోజు అక్కడ ఆకుకూర కట్టలు చూసి, ఒక్కసారిగా "తోటకూర!" అని అరిచింది. దేశం వదిలాక తోటకూర చూడటం అదే మొదలు. కొట్టాయన "నో లేడీ, కలలూ" అన్నాడు. వెనకాల నిలబడ్డ ఎదురింటి ఆంటీ ఊరుకోలేదు. "కలలూ అంటే ఇది కాదు, అది" అని బెండకాయలు చూపించింది. వాళ్ళ దేశంలో బెండకాయని అలా అంటారట. కొట్టాయన ఒప్పుకోలేదు. అమ్మ ఎవరి మాటా వినకుండా "తోటకూర, తోటకూర" అంటూనే ఉంది. ముగ్గురూ చేతులు తిప్పుతూ దెబ్బలాడుకుంటుంటే నేనూ, ఆంటీ కూతురూ చింతకాయల బుట్టలోంచి చెరొకటి తీసి నోట్లో వేసుకున్నాం. ఆ అమ్మాయి మా క్లాసే. అప్పటిదాకా మేం మాట్లాడుకోలేదు. ఆ పులుపుకి ఇద్దరం ఒకేసారి కళ్ళు మూసుకున్నాం, అంతే, ఫ్రెండ్సయిపోయాం.

ఆ తర్వాత మా రెండు తలుపులూ మూసి ఉన్న రోజు తక్కువ. అమ్మ ఇంట్లో రేడియేటర్ మీద పేపరు పరిచి వడియాలు ఎండబెట్టేది. ఆంటీ వాటిని చూసి పడీపడీ నవ్వి, వేయించాక మాత్రం సగం తనే తినేది. ఆవిడ క్యాబేజీ, పచ్చిమిరపకాయలు వెనిగర్‌లో నానబెట్టి ఒక పచ్చడి చేసేది. నాన్న దాన్ని పెరుగన్నంలో నంజుకునేవారు. కాఫీ తాగేముందు ఆవిడ రెండు చుక్కలు నేల మీద ఒలకబోసేది. ఎందుకని అడిగితే, "ముందు పెద్దవాళ్ళు తాగాలి కదా" అనేది.

ఆవిడ పడగ్గదిలో ఒక మూల చిన్న అలమర ఉండేది. అందులో పటాలు, తెల్ల కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్ళు, సెంటు సీసా, నీలం రుమాలు. నడుమ పటంలో నల్లటి ముఖం ఉన్న తల్లి, ఒళ్ళో బిడ్డ, తల్లి చెంప మీద రెండు గాట్లు. ఒక పళ్ళెంలో ఎప్పుడూ వేరుశెనగ ఉండలు ఉండేవి. కవల దేవుళ్ళ కోసమట, వాళ్ళు పిల్లలట. మేమిద్దరం ఒకరోజు మంచం కింద దూరి ఆ ఉండలన్నీ తినేశాం. ఆవిడ ఖాళీ పళ్ళెం చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "వాళ్ళకి కోపం వచ్చిందేమో వాళ్ళనే అడగండి. రాకపోతే నాకూ రాలేదు" అంది. మేం భయంభయంగా కవలల పటం వైపు చూశాం. "వాళ్ళు నవ్వుతున్నారు, పొండి" అంది.

అమ్మ ఆ అలమరని మొదటిసారి చూసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "పూజా?" అని అడిగింది. "పూజే" అంది ఆంటీ, ఆ మాట అంతకుముందే మా ఇంట్లో నేర్చుకుంది కాబట్టి. అమ్మ చెప్పులు విప్పేసి, వెళ్ళి, ఆ గాట్ల తల్లి పటానికి వేళ్ళు తాకించి కళ్ళకద్దుకుంది. అప్పట్లో నాకు వూడూ అన్న మాటే తెలియదు. ఆంటీ కూడా అలా అనేది కాదు. "దేవతలకి సేవ చేస్తాం" అనేది.

ఆ ఏడాది చలికాలం ముందు అమ్మకి నెలలు నిండాయి. తమ్ముడో చెల్లెలో వస్తుందని నాకు చెప్పారు. నేను తమ్ముడే కావాలన్నాను. ఒక పొద్దున నాన్న హడావుడిగా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను ఆంటీ ఇంట్లో దింపారు. ఆంటీ అప్పటికే డ్యూటీలో ఉంది, ఇంట్లో నా స్నేహితురాలు ఒక్కతే ఉంది. సాయంత్రం ఆవిడ తిరిగొచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని, నన్ను ఒళ్ళోకి తీసుకుంది. నా జుట్టు మొత్తం విప్పి మళ్ళీ జడ వేసింది.

అమ్మ ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది. బిడ్డ పుట్టకముందే చనిపోయాడు. ఆసుపత్రివాళ్ళు అమ్మకి చూపించకుండానే తీసుకెళ్ళిపోయారు. అప్పట్లో అదే మంచిదనుకునేవాళ్ళేమో. నాన్న కూడా అదే మంచిదన్నారు. "చూస్తే ఇంకా బాధ. మర్చిపో. మళ్ళీ పుడతారు" అని ఒకటి రెండు సార్లు చెప్పి, డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆయనకి సెలవు లేదు. ఇంట్లో ఆ ఊసు ఎత్తవద్దని నాకు చెప్పారు.

అమ్మ వంట మానేసింది. జడ వేసుకోవడం మానేసింది. రేడియేటర్ పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, నేను బడి నుంచి వచ్చేసరికి అలాగే ఉండేది. పై అంతస్తులో ఉండే తెలుగు డాక్టరు అంకుల్ వాళ్ళ భార్య సాంబారు తెచ్చి ఇచ్చి, "గ్రహచారం బాలేదు, దేవుడి దయ" అని వెళ్ళిపోయేది. ఆంటీ మాత్రం రోజూ వచ్చి అమ్మ పక్కన నేల మీదే కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అంది.

"నేను వాడికి స్నానం చేయించాను."

అమ్మ తల తిప్పింది.

"ఆ రోజు డ్యూటీ నాదే. గోరువెచ్చటి నీళ్ళతో చేయించాను. ఒళ్ళంతా మెత్తగా ఉన్నాడు. బోలెడు జుట్టు. చెవులు అచ్చం డాక్టరుగారివే, ఇలా బయటికి." ఆవిడ తన చెవుల్ని ముందుకి వంచి చూపించింది.

అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. బిడ్డని మోసిన చేతులు. వాటిని తన ముఖానికి అదుముకుంది. నాకు ఆ వయసులో అంతా అర్థం కాలేదు గానీ, నాన్న చెప్పని మాట ఏదో ఆవిడ చెప్పిందని మాత్రం తెలిసింది.

"మా అక్క దగ్గరికి రా" అంది ఆంటీ. "పోయినవాళ్ళని అలా దారిలో వదిలేయకూడదు. పిలవాలి, అన్నం పెట్టాలి, పంపించాలి. ఎవరూ పంపకపోతే వాడెక్కడికి వెళ్తాడు, చెప్పు?"

అమ్మ వస్తానంది. నావైపు చూసి, "నాన్నకి చెప్పకు" అంది. నేను చెప్పలేదు.

ఆదివారం వాళ్ళ చర్చి అయ్యాక వెళ్ళాం. ఆంటీ వాళ్ళ అక్కది నాలుగైదు వీధుల అవతల ఒక ఇల్లు. బేస్‌మెంట్‌లోకి దిగే మెట్ల దగ్గరే తులసిలాంటి ఆకుల వాసన, కొవ్వొత్తుల మైనం వాసన, రమ్ము వాసన. అమ్మకీ నాకూ తెల్ల బట్టలు ఆంటీయే ఇచ్చింది. పైకప్పు నుంచి రంగు కాగితాలు వేలాడుతున్నాయి. ఒక బల్ల మీద కేకు, అన్నం, పుచ్చకాయ, కాఫీ. వచ్చినవాళ్ళలో సగంమంది నర్సులు, ఒక టాక్సీ డ్రైవరు, డోలు ముందేసుకుని ఒక ముసలాయన. మొదట చాలాసేపు ఫ్రెంచిలో చర్చి ప్రార్థనలే చదివారు. విసుగొచ్చి నేనూ నా స్నేహితురాలూ కేకు వెనకవైపు క్రీము వేలితో గీకి నాకాం.

తర్వాత ఆంటీ అక్క మొక్కజొన్న పిండి గుప్పిట్లో తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి వదులుతూ నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. హృదయం ఆకారం, దాని చుట్టూ వంపులు, చుక్కలు. అమ్మ వంగి చూసి, "ముగ్గు" అంది నాతో. ఎన్నో రోజుల తర్వాత ఆమె దేన్నైనా ఆసక్తిగా చూసి అన్న మాట అది.

డోలు మొదలైంది. పాటలో అందరూ కలిశారు. కాసేపటికి ఆంటీ అక్క తూలింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని, నడుముకి నీలం రుమాలు కట్టారు. ఆమె మళ్ళీ తలెత్తేసరికి ముఖం మారిపోయింది. కేకు కోసం కత్తి వెతుకుతూ ఇందాక మాతో నవ్వినామె కాదు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. మాట్లాడబోయింది. మాట రాలేదు. "కె కె కె కె" అని నాలుక అంగిట్లో కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే వచ్చింది.

అమ్మ భయపడుతుందనుకున్నాను. ఆమె రెండు చేతులూ జోడించి, చాలా మామూలుగా, తెలిసినామెని పలకరించినట్టు "వచ్చావా తల్లీ" అంది తెలుగులో. మా అమ్మ పుట్టింటి ఊళ్ళో అమ్మవారి పూనకాలు వచ్చేవనీ, మా అమ్మమ్మకే వచ్చేదనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ తల్లి వచ్చి అమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. చెమట తుడిచింది. రొమ్ముకి అదుముకుంది. "కె కె కె" అంటూనే ఉంది. అప్పుడు అమ్మ ఏడ్చింది. అంత పెద్ద గొంతు అమ్మకి ఉందని నాకు తెలియదు. "నేను చూడలేదమ్మా వాణ్ణి! నాకు చూపించలేదమ్మా! ఎత్తుకోలేదు నేను!" అని తెలుగులో అరుస్తూ నేల మీద పడిపోయింది. ఎవరికీ ఆ మాటలు తెలియవు. అందరూ ఏడ్చారు. డోలు కొట్టే ముసలాయన కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి తీయకుండా భుజానికి ముఖం రుద్దుకున్నాడు.

ఆంటీ అమ్మని లేపి కూర్చోబెట్టి, "వాడి పేరు చెప్పు. పేరు లేకపోతే అవతల పెద్దవాళ్ళు ఏమని పిలుస్తారు?" అంది.

అమ్మ పేరు చెప్పింది. అంతకుముందే అనుకుని ఉంచుకుందేమో, ఆలోచించలేదు. ఆ పేరుని వాళ్ళు తలా ఒకలా పలికారు. డోలు ఆ పేరుని అందుకుంది. ఒక పళ్ళెంలో నీళ్ళు పట్టుకుని, మా తమ్ముడి పేరుతో పాట పాడుకుంటూ ఆ గది చుట్టూ తిరిగారు. ఆ పేరు నేనిక్కడ రాయను.

చివర్లో అమ్మకి లోపల సూపు తాగిస్తున్నారు. నాకు ఉక్కగా ఉందంటే ఆంటీ నన్ను బయటికి తీసుకొచ్చి మెట్ల మీద నిలబెట్టి, చెరకు ముక్క చేతికిచ్చింది. తల మీద తెల్ల రుమాలు ఇంకా అలాగే ఉంది. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర పై అంతస్తు అంకుల్ కారు ఆగి ఉంది. నేను సంతోషంగా చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు.

మర్నాడు పొద్దున అమ్మ తలంటుకుంది. పప్పు వండింది. కొన్నాళ్ళకి రేడియేటర్ మీద మళ్ళీ వడియాలు కనిపించాయి. నాన్న అమ్మని చూసి, "చూశావా, టైమే మందు" అన్నారు. అమ్మ నావైపు చూసి కొంచెం నవ్వింది. మా ఇద్దరికే తెలిసిన నవ్వు. నాకు ఆ నవ్వంటే ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. అమ్మా నేనూ ఒక జట్టు. రాత్రి పడుకునేటప్పుడు దుప్పటి కప్పుతూ ఒక్కోసారి అమ్మ నా చెవిలో తమ్ముడి పేరు చెప్పేది, నేను తిరిగి చెప్పేదాన్ని.

కొన్ని వారాలు పోయాక మా ఇంట్లో ఒక ఆదివారం భోజనాలు. తెలుగు డాక్టర్ల కుటుంబాలన్నీ వచ్చాయి. నేల మీద దుప్పట్లు పరిచి కూర్చున్నారు. పై అంతస్తు అంకుల్ వరంగల్ నుంచి వచ్చినాయన. చారు పోసుకుంటూ నాన్నతో అన్నాడు.

"అన్నా, చెప్పాల్నా వద్దా అని ఇన్ని దినాలు చూసిన. మీ పాపను ఆ ఎదురింటి నర్సు ఎంబడి చూసిన. తెల్ల గుడ్డ కట్టి మెట్ల మీద నిలబెట్టింది. లోపట డోలు కొడుతున్నరు. ఆ ఇంట్ల వూడూ నడుస్తదని హాస్పిటల్‌లో అందరు అంటరు. చేతబడి అన్నట్టు. పిల్ల జాగ్రత్త."

నాన్న ముఖం ఎర్రబడింది. వంటింటి గుమ్మంలో నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డ అమ్మవైపు తిరిగి, "నీకు తెలుసా ఇది?" అన్నారు.

"లేదండీ" అంది అమ్మ. "చర్చికి తీసుకెళ్తానంటే పంపాను."

అమ్మ మర్చిపోయిందేమో అనుకున్నాను. పిల్లలు అలాగే అనుకుంటారు. ఆమెకి గుర్తుచేద్దామని, "నువ్వు కూడా వచ్చావు కదమ్మా" అన్నాను.

"నేనెక్కడ వచ్చాను?"

"వచ్చావు. ఆ దేవత నిన్ను హత్తుకుంది. నువ్వు ఏడ్చావు. తమ్ముడికి పేరు పెట్టావు." ఆ పేరు కూడా చెప్పాను. గదిలో అందరి ముందూ, గట్టిగా.

అమ్మ నావైపు చూసింది. ఆ చూపులో నేను ఎవరో ఆమెకి తెలియనట్టే ఉంది. "తమ్ముడికి పేరేంటి?" అంది. తర్వాత అందరివైపు తిరిగి, "పిచ్చిపిల్ల, తమ్ముడు పోయినప్పటి నుంచీ ఇలాగే ఏవో కలలు కని చెబుతోంది. అక్కడ దీన్ని ఏం భయపెట్టారో ఏమో" అని ఏడవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు లేచి ఆమె చుట్టూ చేరారు. నా చుట్టూ ఎవరూ చేరలేదు.

నాన్నా, అంకుల్ వెంటనే ఎదురు తలుపు తట్టారు. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. వెనకాల అమ్మ. ఆంటీ యూనిఫామ్‌లో డ్యూటీకి బయలుదేరుతోంది. ఆవిడని చూడగానే నాకు ధైర్యం వచ్చింది. ఆవిడ నిజం చెబుతుంది. ఆవిడ ఎవరికీ భయపడదు.

నాన్న కోపంగానే అయినా మర్యాదగా, "మా అమ్మాయిని మాకు చెప్పకుండా ఆ పూజకి తీసుకెళ్ళావా?" అని అడిగారు. "నా భార్య కూడా వచ్చిందని చెబుతోంది ఇది. నిజమేనా?"

ఆంటీ నాన్న భుజం మీదుగా అమ్మవైపు చూసింది. అమ్మ నేలవైపు చూస్తోంది. ఆంటీ వాచీ సరిచేసుకుంది.

"నేనే తీసుకెళ్ళాను డాక్టర్. మేడమ్ రాలేదు."

"మరి ఇది ఎందుకలా చెబుతోంది?"

"పిల్లలు కదా" అంది ఆంటీ. "ఊహించుకుని ఉంటుంది."

ఆవిడ నావైపు చూడలేదు. తలుపు మూసుకుంది. ఆ రాత్రి నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అబద్ధాలు చెప్పకూడదని ఎంతో ఓపిగ్గా, ప్రేమగా చెప్పారు. ఆయన తిట్టినా బాగుండేది. అమ్మ పక్కగదిలో బట్టలు మడతపెడుతూ అదంతా వింటోంది.

నాన్నా, అంకుల్ ఆసుపత్రిలో ఎవరితోనో మాట్లాడారు. ఆంటీని ప్రసూతి వార్డు నుంచి మార్చేశారు. వాళ్ళ ఇంటికి వెళ్ళవద్దని నాకు గట్టిగా చెప్పారు. బడిలో నా స్నేహితురాలు వేరే బెంచీకి మారిపోయింది. ఒకసారి కింద బట్టలుతికే గదిలో ఆంటీ ఒక్కతే కనిపించింది. డ్రయర్‌లోంచి వేడి దుప్పట్లు తీస్తోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడి, "ఎందుకు అబద్ధం చెప్పావు?" అన్నాను.

ఆవిడ దుప్పటి మడత ఆపలేదు. "మీ అమ్మ పిరికిది" అంది. "చెడ్డది కాదు, పిరికిది. నేను అవునంటే ఆ మగాళ్ళు ఆమెని ఏం చేసేవాళ్ళు? ఈ ఊళ్ళో ఆమెకి ఆ నలుగురు తప్ప ఎవరున్నారు? నాకు నావాళ్ళున్నారు."

"మరి నాకు?" అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. నా జడ వదులుగా ఉందని చెప్పి, ముడి బిగించి, బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. చలికాలం పోయేలోపే వాళ్ళు బిల్డింగ్ ఖాళీ చేశారు. తర్వాత మాకు ఎప్పుడూ కనిపించలేదు.

ఆ ఆదివారం నుంచి నేను మా ఇంట్లో కథలు చెప్పే పిల్లనైపోయాను. బడిలో టీచర్ కొట్టిందన్నా, కడుపునొప్పి అన్నా, నాన్న నవ్వుతూ "ఇది కూడా బేస్‌మెంట్ కథేనా?" అనేవారు. ఆయనకి అది ముద్దుమాట. పెళ్ళి మాటల్లో అత్తవారికి కూడా నవ్వుకుంటూ చెప్పారు. కొన్నేళ్ళకి నాకే అనుమానం మొదలైంది. నిజంగానే కలగన్నానేమో. అమ్మా కాదంది, ఆంటీ కాదంది. ఇంకెవరు చెప్పాలి?

కాలేజీలో నా రూమ్‌లో హైతీ అమ్మాయి ఒకతి ఉండేది. ఒకరోజు మాటల్లో ఏదో గుర్తొచ్చి, నేను "కె కె కె" అని చేసి చూపించాను. ఆ అమ్మాయి పుస్తకం మూసేసి, "అది నీకెలా తెలుసు?" అంది. ఆ దేవత నాలుక కోసేశారట. మాటాడలేదు, బిడ్డల తల్లుల్ని మాత్రం కాచుకుంటుంది. పూనినప్పుడు ఆ చప్పుడే చేస్తుంది. వాళ్ళ నానమ్మ దగ్గర తను కూడా విన్నానంది. నేను మంచం మీద నుంచి లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. కలగని ఉంటే అది నాకు తెలిసే దారి లేదు. నేను అబద్ధాలకోరుని కాదని మొదటిసారి రుజువైంది. ఇంటికి ఫోన్ చేద్దామనుకుని, ఎవరికి చెప్పాలో తెలియక మానేశాను.

నాన్న పోయి చాలా కాలమైంది. తన కొడుక్కి నిజంగానే ఒక పేరుందని ఆయనకి తెలియకుండానే పోయారు. ఆయన చెవులే వచ్చాయని కూడా తెలియదు. అమ్మ నాతోనే ఉంటుంది. నేను ఆమెకి వేళకి మందులిస్తాను, గుడికి తీసుకెళ్తాను. మేం బాగానే ఉంటాం. కానీ నా పెళ్ళి కుదిరినప్పుడు గానీ, పిల్లలు పుట్టినప్పుడు గానీ, ఉద్యోగం పోయినప్పుడు గానీ నా మనసులో మాట ఆమెకి ముందు చెప్పింది లేదు. అడిగితే "అంతా ఫైన్ అమ్మా" అంటాను.

మొన్న ఆదివారం వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ బల్ల తుడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడి, "అమ్మా, కోడిని ఎవరు కోశారు? అక్కడ కోడే లేదు" అన్నాను.

"ఏదో సరదాకి చెప్పాన్లే. పిల్లలు నవ్వారు కదా."

"ఆవిడ నీ కొడుక్కి స్నానం చేయించింది."

అమ్మ చెయ్యి ఆగింది. తిరిగి తుడవడం మొదలుపెట్టింది. "ఆవిడే లేదంది కదే. మీ నాన్న ముందే అంది. మేడమ్ రాలేదని."

"నీకోసం అంది."

"తెలుసు."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట విన్నాను. ఇంకో మాట వస్తుందని ఎదురుచూశాను. నేను నీకు అన్యాయం చేశానే అనో, నువ్వు నిజమే చెప్పావు అనో. ఈ వయసులో కూడా ఎదురుచూశాను.

అమ్మ గుడ్డ పిండి, సింకు మీద ఆరేసింది. "అది మా ఇద్దరి మధ్యా మాట" అంది. "ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. నువ్వెందుకమ్మా మధ్యలో?"

తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నన్ను మధ్యలో నిలబెట్టింది వాళ్ళిద్దరే. ఒకరు భయంతో, ఒకరు దయతో. ఆ రోజు తెల్ల బట్టలు వేసి చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, అవసరం తీరాక ఆ బేస్‌మెంట్‌లో నన్నొక్కదాన్నే వదిలి ఇద్దరూ పైకి వెళ్ళిపోయారు. ఆంటీ బతికి ఉంటే చాలా పెద్దదై ఉంటుంది. అమ్మకీ పెద్దతనం వచ్చింది. వాళ్ళ తర్వాత తమ్ముడి పేరు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగులుతాను. ఎవరికైనా చెబితే, అలాంటి తమ్ముడు నీకు లేడే అంటారు.